కరువు జిల్లాలో పిల్లల పోషణ లోపాన్ని, ఇళ్ల ఆహార భద్రతను అంచనా వేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

2011 జులై 20న దక్షిణ సొమాలియాలోని రెండు ప్రాంతాల్లో దుర్భిక్షం నెలకొందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ వరకు అక్కడ సుమారు 2,58,000 మంది ఆకలితో, ఆకలి తెచ్చిన జబ్బులతో చనిపోయారని తర్వాత లెక్కలు తేల్చాయి. వాళ్లలో సగానికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలే. ప్రకటన వచ్చేసరికే పెద్ద సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

వాన ముఖం చాటేసిన రోజుకీ, బిడ్డ జబ్బ సన్నబడిన రోజుకీ మధ్య నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో ఇల్లు ఊరికే కూర్చోదు. ముందు చవక తిండికి దిగుతుంది. పప్పు, పాలు తగ్గిస్తుంది. అప్పు చేస్తుంది, గొడ్డూ గోదా అమ్ముతుంది. పెద్దవాళ్లు ఒక పూట మానేస్తారు. ఎవరో ఒకరు పని వెతుక్కుంటూ ఊరు దాటతారు. ఊళ్లో బావి ఎండితే తల్లి ఇంకో ఊరికి నీళ్లకు నడుస్తుంది, ఆ రెండు మూడు గంటలు చంటిబిడ్డకు పాలుండవు. ఇవన్నీ అయ్యాకే బరువు తగ్గుతుంది. కాబట్టి పిల్లల్ని మాత్రమే తూచి వస్తే జరిగిపోయింది తెలుస్తుంది. ఇంటి పరిస్థితి కూడా అడిగితే రాబోయేది తెలుస్తుంది. ఈ రెండూ ఒకే సర్వేలో ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. జిల్లా స్థాయిలో పని చేసే ఆరోగ్య సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు, ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న విద్యార్థులు నా మనసులో ఉన్న పాఠకులు.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"జిల్లాలో పరిస్థితి ఎలా ఉంది?" అనే ప్రశ్నతో బయలుదేరితే మూడు వందల ప్రశ్నల ఫారం తయారవుతుంది, చివరికి దేనికీ జవాబు రాదు. ఈ సర్వే చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఎన్ని చికిత్సా కేంద్రాలు తెరవాలి? తిండి సాయం ఏ ప్రాంతానికి ముందు వెళ్లాలి? పంట చేతికొచ్చేదాకా ఎన్ని నెలలు సాయం కావాలి? ఆ నిర్ణయానికి పనికిరాని ప్రశ్నను ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయండి. ఇంటికి ముప్పావు గంట మించి తీసుకోవడం ఆకలితో ఉన్న మనుషుల పట్ల అన్యాయం అని నా నమ్మకం.

జిల్లా అంతా ఒకేలా ఉండదు కూడా. నీటి వసతి ఉన్న భాగం, వాన మీదే ఆధారపడ్డ భాగం, పశువుల మీద బతికే భాగం వేరువేరు. వీటిని కలిపి ఒకే సగటు తీస్తే మంచి భాగం చెడ్డ భాగాన్ని కప్పేస్తుంది. జీవనోపాధి తేడాగా ఉన్నచోట వేరే సర్వే పెట్టండి. అంత డబ్బు, సమయం లేకపోతే బాగా దెబ్బతిన్న భాగాన్నే ఎంచుకుని, ఆ సంగతి రిపోర్టులో స్పష్టంగా రాయండి.

2. కాలం చూసుకోండి

పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెలల్లో పోషణ లోపం సహజంగానే పెరుగుతుంది. కోతలు అయ్యాక తగ్గుతుంది. పోయినేడు కోతల తర్వాత చేసిన సర్వేతో ఈ ఏడు గడ్డు నెలల సర్వేను పోల్చి "పరిస్థితి దిగజారింది" అంటే అది తప్పు. అదే కాలంతో అదే కాలాన్ని పోల్చాలి. వానలు తప్పాయని తెలిసిన వెంటనే ఇళ్ల ఆహార పరిస్థితిని ఒకసారి, గడ్డు నెలల్లో పిల్లల కొలతలతో కలిపి మరోసారి చూడగలిగితే బాగుంటుంది.

ఊళ్లోకి వెళ్లేముందే వాన లెక్కలు, పంట విస్తీర్ణం, గత అయిదేళ్ల ధాన్యం ధరలు, పశువుల ధరలు, ఆరోగ్య కేంద్రాల్లో నెలవారీ విరేచనాల కేసులు, తట్టు కేసులు, పోషణ కేంద్రాల్లో చేరికలు సేకరించండి. సగం కథ అక్కడే దొరుకుతుంది.

3. శాంపిల్ లెక్క

జిల్లాలో ప్రతి బిడ్డనూ కొలవలేం. సరిగ్గా ఎంచిన కొన్ని వందల మంది చాలు. 2002లో మొదలైన స్మార్ట్ అనే పోషణ, మరణాల సర్వే పద్ధతిని ఇప్పుడు చాలా దేశాలు వాడుతున్నాయి. లెక్క ఇలా నడుస్తుంది.

బక్కచిక్కిన పిల్లలు సుమారు 15% ఉంటారని అనుకున్నారు. జవాబు అటూఇటూ 4% లోపు ఉండాలి. అప్పుడు 1.96ను (95% నమ్మకానికి వాడే సంఖ్య) దానితోనే గుణించి, దాన్ని 0.15తో, 0.85తో గుణించి, 0.04 వర్గంతో భాగిస్తే 306 వస్తుంది. ఒకే ఊరి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక ఆ నష్టాన్ని పూడ్చడానికి 1.5తో గుణిస్తాం, 459 అవుతుంది. అంటే 6 నుంచి 59 నెలల పిల్లలు 460 మంది కావాలి. ఇంటికి సగటున అయిదుగురు, జనాభాలో ఐదేళ్ల లోపువారు 15%, వాళ్లలో 6 నెలలు దాటినవాళ్లు 90% అనుకుంటే ఇంటికి 0.675 మంది పిల్లలు. అంటే సుమారు 681 ఇళ్లు. తాళం వేసి ఉన్న ఇళ్లు, వద్దనేవాళ్లు 5% పోతారనుకుని 0.95తో భాగిస్తే 717. ఒక టీమ్ రోజుకు 20 ఇళ్లు చేయగలిగితే 36 క్లస్టర్లు (ఒక టీమ్ ఒక రోజులో ఒకచోట చేసే ఇళ్ల గుంపు ఒక క్లస్టర్). సాఫ్ట్‌వేర్ క్లస్టర్ సర్వేకు 1.96 కంటే కొంచెం పెద్ద సంఖ్య వాడుతుంది కాబట్టి దాని జవాబు ఇంకాస్త ఎక్కువ రావచ్చు, కంగారు పడకండి.

ఊళ్లను జనాభా దామాషాలో లాటరీ తీయాలి. పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం, చిన్న ఊరికి తక్కువ. ఊళ్లోకి వెళ్లాక ఇళ్లన్నిటి జాబితా రాసుకుని, అందులోంచి మళ్లీ లాటరీ. రోడ్డు పక్కన ఉన్న ఇళ్లు, ఊరి పెద్ద చూపించిన ఇళ్లు తీసుకున్నారంటే సర్వే అక్కడే చెడిపోయినట్టు. ఊరి చివర విసిరేసినట్టు ఉండే గుడిసెలు, పశువుల వెంట కదిలే కుటుంబాలు, కొత్తగా వలస వచ్చినవాళ్లు జాబితాలో ఉన్నారో లేదో రెండుసార్లు అడగండి. ఆకలి ముందు తట్టేది ఆ ఇళ్లనే.

ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక ఇల్లు. ఇంట్లో ఎవరూ లేకపోతే సాయంత్రం మళ్లీ వెళ్లాలి, పక్కింటిని బదులు తీసుకోకూడదు. పనికి పోయిన ఇంటికీ, పగలు ఇంట్లో మనుషులున్న ఇంటికీ పరిస్థితి ఒకటి కాదు. లాటరీలో వచ్చిన ఇంట్లో పిల్లలు లేకపోయినా ఆహార ప్రశ్నలు అడగాలి.

4. చేతులకు శిక్షణ

శిక్షణలో ఎక్కువమంది ప్రశ్నావళి మీద మూడు రోజులు, కొలతల మీద ఒక పూట పెడతారు. దీన్ని తిరగేయాలి. కొలిచేవాళ్లంతా పది మంది పిల్లలను రెండేసి సార్లు, మొదటి అంకె చూడకుండా కొలిచే పరీక్ష పెట్టండి. ఒకే మనిషి రెండు కొలతల మధ్య తేడా ఎంతుంది, అనుభవజ్ఞుడి కొలతకూ వాళ్ల కొలతకూ తేడా ఎంతుంది అన్నది బయటపడుతుంది. తప్పినవాళ్లను ఇంటర్వ్యూ పనికి మార్చండి, మొహమాటపడకండి. ఎత్తులో రెండు సెంటీమీటర్ల పొరపాటు బాగున్న బిడ్డను జబ్బుబిడ్డగా, జబ్బుబిడ్డను బాగున్న బిడ్డగా మార్చేస్తుంది.

5. బిడ్డను కొలవడం

ముందు వయసు. జనన ధ్రువపత్రం, టీకాల కార్డు ఉంటే అదే చూడండి. లేకపోతే పండుగలు, వరదలు, ఎన్నికలు, కోతలు నెలలవారీగా రాసుకున్న స్థానిక క్యాలెండర్ పట్టుకుని "ఆ పండక్కి ముందా, తర్వాతా?" అని తల్లితో కలిసి వెనక్కి వెళ్లండి. తొందరలో "రెండేళ్లు" అని గుండుగుత్తగా రాసేస్తే వయసుకు తగ్గ ఎత్తు లెక్క మొత్తం పాడవుతుంది.

బరువు 100 గ్రాముల తేడా చూపే స్కేలుతో, బట్టలు తీసి తూచాలి. చలిగా ఉంటే, లేదా బట్టలు తీయడం తల్లికి ఇష్టం లేకపోతే పలుచని బట్టతో తూచి ఆ విషయం రాయండి. బిడ్డ ఏడుస్తుంటే తల్లిని స్కేలు మీద నిలబెట్టి, అంకెను సున్నా చేసి, బిడ్డను చేతికివ్వండి. రోజూ ఉదయం బరువు తెలిసిన వస్తువుతో స్కేలు పరీక్షించాలి.

పొడవు రెండేళ్ల లోపు పిల్లలకు పడుకోబెట్టి, రెండేళ్లు దాటితే నిలబెట్టి, బోర్డు మీద మిల్లీమీటరు దాకా చూడాలి. ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు, పాదాలు చూసుకోవాలి. ఒక్కరు చేసే పని కాదిది. నిలబడాల్సిన బిడ్డను పడుకోబెట్టి కొలవాల్సి వస్తే వచ్చిన అంకె నుంచి 0.7 సెంటీమీటర్లు తీసేయాలి.

జబ్బ చుట్టుకొలత ఎడమ చేతికి. మోచేయి మడిచి, భుజం కొనకూ మోచేతి కొనకూ మధ్య బిందువు గుర్తుపెట్టి, చేయి కిందికి వదిలేశాక టేపు చుట్టాలి. బిగించకూడదు, వదులుగా ఉండకూడదు. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర పోషణ లోపం, 115 నుంచి 125 లోపు మధ్యస్థం. 2009కి ముందు తీవ్ర లోపం హద్దు 110 ఉండేది, పాత రిపోర్టులతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక వాపు. రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండింటిలోనూ గుంట నిలిచిపోతే ఆ బిడ్డ తీవ్ర పోషణ లోపంలో ఉన్నట్టే, బరువు ఎంత చూపినా సరే. ఒంట్లో చేరిన నీరు బరువును పెంచి మనల్ని మోసం చేస్తుంది. బొద్దుగా ఉన్నాడని తల్లి సంతోషించే బిడ్డే కొన్నిసార్లు అందరికంటే ప్రమాదంలో ఉంటాడు. అందుకే ఈ పరీక్ష ఒక్క బిడ్డకూ వదలొద్దు.

ఈ కొలతలను 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పెరుగుదల ప్రమాణాలతో పోలుస్తాం. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను చూసి తయారుచేసినవి అవి. మంచి పోషణ దొరికితే చిన్నపిల్లలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకేలా పెరుగుతారని ఆ అధ్యయనం చూపింది. కాబట్టి "మా పిల్లలు పుట్టుకతోనే చిన్నవాళ్లు" అనే మాటను ఒప్పుకోకండి. ప్రమాణంలోని నడిమి అంకె నుంచి బిడ్డ ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేది జెడ్ స్కోరు. ఎత్తుకు తగ్గ బరువు జెడ్ స్కోరు −2 కంటే తక్కువైతే బక్కచిక్కినట్టు, −3 కంటే తక్కువైతే తీవ్రం. వయసుకు తగ్గ ఎత్తు −2 కంటే తక్కువైతే గిడసబారినట్టు. మొదటిది ఈమధ్య ఆకలిని, జబ్బును చెబుతుంది. రెండోది ఏళ్ల తరబడి సాగిన లేమిని చెబుతుంది. కరువు తీవ్రతకు ముందు మొదటిదాన్నే చూడాలి.

జబ్బ కొలత, ఎత్తుకు తగ్గ బరువు ఒకే పిల్లలను పట్టుకోవు. టేపు మరీ చిన్నవాళ్లను ఎక్కువగా చూపిస్తుంది. రెండూ చేయండి, ఏ ఒక్కదానిలో తప్పినా ఆ బిడ్డను పంపండి.

6. రిఫరల్ స్లిప్పు ఆ ఇంట్లోనే రాయాలి

సర్వే అయ్యాక రిపోర్టు రాయొచ్చు. బిడ్డను మాత్రం ఆ రోజే చికిత్సకు పంపాలి. ఏ కేంద్రానికి ఏ రోజు వెళ్లాలి, అక్కడ చికిత్సా ఆహారం నిల్వ ఉందా అన్నది సర్వేకు ముందే కనుక్కుని ఉండాలి. ఆకలి పరీక్షలో (చికిత్సా ఆహారం పెట్టి తింటున్నాడో లేదో చూడటం) బాగా తిని, వేరే జబ్బు లేని బిడ్డకు ఇంటి దగ్గరే ఉంటూ చికిత్స సరిపోతుంది. తినలేకపోయినా, తీవ్ర జ్వరం, ఆగని వాంతులు, మగత ఉన్నా ఆసుపత్రిలో చేర్చాలి. సర్వేలో పేరు రాయించుకుంటే తిండి సాయం వస్తుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

7. ఇంటివాళ్లను అడగాల్సినవి

వండి వడ్డించే మనిషితోనే మాట్లాడండి. ఇంటి పెద్ద జవాబు చెబుతానంటే గౌరవంగా విని, వంట చేసే ఆమెను పిలవమనండి. వీధిలో నలుగురి ముందు "రాత్రి తిన్నారా?" అని అడిగితే ఎవరైనా తిన్నామనే అంటారు.

ఆహార వినియోగ స్కోరు గత ఏడు రోజుల్లో ఏయే రకం ఎన్ని రోజులు తిన్నారో లెక్కిస్తుంది. గింజలు, దుంపలకు 2, పప్పుధాన్యాలకు 3, కూరగాయలకు 1, పండ్లకు 1, మాంసం, చేప, గుడ్డుకు 4, పాలకు 4, నూనెకు 0.5, చక్కెరకు 0.5 బరువు, అంటే తిన్న రోజులను ఆ అంకెతో గుణించి కలపాలి. ఒక ఇల్లు గింజలు, నూనె, చక్కెర ఏడు రోజులూ, కూరగాయలు మూడు రోజులు, పప్పు రెండు రోజులు తిన్నదనుకోండి. 14, 3.5, 3.5, 3, 6 కలిపితే 30. నూనె, చక్కెర రోజూ వాడే ప్రాంతాల్లో 28 వరకు అధ్వానం, 42 వరకు అంచున ఉన్నట్టు లెక్క. మిగతాచోట్ల ఆ హద్దులు 21, 35. ఈ ఇల్లు అంచున ఉంది. వచ్చే వారం ఆ పప్పు కూడా పోతే 24కి పడి అధ్వానం అవుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, కానీ పిల్లలు ఎదగడానికి కావాల్సింది పోయింది. తాలింపు కోసం చిటికెడు వేసినదాన్ని తిన్నట్టు రాయకండి.

దీనికి తోడు తట్టుకునే మార్గాల సూచిక. గత ఏడు రోజుల్లో చవక తిండికి దిగడం (బరువు 1), అప్పుగా తిండి తెచ్చుకోవడం లేదా ఎవరి సాయంతోనో తినడం (2), వడ్డన తగ్గించడం (1), పిల్లల కోసం పెద్దలు మానుకోవడం (3), పూటలు తగ్గించడం (1) ఎన్ని రోజులు జరిగాయో అడుగుతాం. 7, 2, 5, 3, 4 రోజులు అని జవాబు వస్తే 7, 4, 5, 9, 4 కలిపి 29. 19 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే సంక్షోభమో, అంతకంటే ఘోరమో. పెద్దలు మానుకోవడానికి 3 ఎందుకు ఇచ్చారో ఆలోచించండి. ఆ తల్లి బిడ్డను ఇంకా కాపాడుతోంది, కానీ ఆమె కూడా అలిసిపోయే రోజు దగ్గరలోనే ఉంది. ఈ జవాబు చాలా ఇళ్లలో వినిపిస్తుంటే, జబ్బ టేపు ఇంకా ఆకుపచ్చే (బాగున్నట్టే) చూపిస్తున్నా ఆగకుండా కబురు పంపండి.

మరీ తీవ్రమైనచోట మూడు ప్రశ్నల ఆకలి స్కేలు వాడండి. గత నాలుగు వారాల్లో ఇంట్లో తిండి అనేదే లేని రోజుందా, ఆకలితో నిద్రపోయారా, పగలూ రాత్రీ తినకుండా గడిపారా అన్నవి ఆ ప్రశ్నలు. ఎంత తరచుగా జరిగిందో చూసి ఒక్కోదానికి 0, 1 లేదా 2 వేస్తాం, మొత్తం 0 నుంచి 6. 4 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్ర ఆకలి.

తర్వాత ఏమేం అమ్ముకున్నారో అడగండి. సామాను, నగలు అమ్మడం ఒక స్థాయి. విత్తనాలు తినేయడం, బడి మాన్పించడం ఇంకో స్థాయి. భూమి, చివరి ఆడపశువు పోయాయంటే వచ్చే ఏడు వానలు బాగా పడ్డా ఆ ఇల్లు లేవలేదు.

6 నుంచి 23 నెలల పిల్లలకు వేరే ప్రశ్నలు. నిన్న తల్లిపాలతో కలిపి ఎనిమిది రకాల ఆహారంలో కనీసం అయిదు అందాయా? తల్లిపాలు తాగే బిడ్డకు 6–8 నెలల్లో రెండుసార్లు, 9 నెలలు దాటాక మూడుసార్లయినా గట్టి ఆహారం పెట్టారా? రెండు వారాల్లో విరేచనాలు, జ్వరం, దగ్గు వచ్చాయా? తట్టు టీకా, విటమిన్ ఎ అందాయా? తిండి ఉన్న ఇంట్లో కూడా మురికినీటి వల్ల బిడ్డ చిక్కిపోవచ్చు. అలాంటిచోట బియ్యం బస్తాల కంటే నీళ్ల ట్యాంకరే ముందు రావాలి. మనిషికి రోజుకు 15 లీటర్లు అందుతున్నాయా, తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతోంది అన్నవి తప్పకుండా రాసుకోండి.

8. ఊరితో, సంతతో మాట్లాడండి

ఆడవాళ్లతో, భూమి లేనివాళ్లతో, పశువుల కాపరులతో విడివిడిగా కూర్చోండి. అందరినీ కలిపితే భూమి ఉన్నవాళ్ల మాటే వినిపిస్తుంది. సంతలో ఒక మేక అమ్మితే ఎంత ధాన్యం వస్తోందో, పోయినేడు ఇదే నెలలో ఎంత వచ్చిందో అడగండి. మేక ధర పడిపోయి ధాన్యం ధర పెరుగుతుంటే ఆ ఇళ్ల కొనే శక్తి రెండు వైపులా కోసుకుపోతోందన్నమాట. కూలి రేటుకూ ఇదే లెక్క వేయండి. సంతలో సరుకు ఉండి కొనే డబ్బు లేకపోతే నగదు సాయం పని చేస్తుంది. సరుకే లేకపోతే నగదు ధరలను పెంచుతుంది.

9. మరణాల గురించి

గత మూడు నెలల్లో ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు పుట్టారు, వచ్చారు, వెళ్లారు, చనిపోయారు అని ఒక్కొక్క పేరూ చదువుతూ అడగాలి. అందరిలో రోజుకు 10,000 మందికి 1, ఐదేళ్ల లోపు పిల్లల్లో 2 మరణాలు అత్యవసర హద్దులు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు పెన్ను పక్కన పెట్టండి. ఆమె మాట్లాడాలనుకుంటే వినండి, తర్వాతి ఇల్లు కాస్త ఆలస్యమైనా పర్లేదు.

10. ఏ రోజు లెక్క ఆ రోజే చూడండి

రాత్రికల్లా అంకెలు ఎక్కించండి. కొలతల చివర అన్నీ 0, 5 వస్తున్నాయంటే ఎవరో గుండుగుత్తగా రాస్తున్నారు. 6–29 నెలల పిల్లల సంఖ్యను 30–59 నెలల సంఖ్యతో భాగిస్తే సుమారు 0.85 రావాలి. బాగా తేడా ఉంటే వయసులు తప్పు, లేదా పెద్దపిల్లలను వదిలేస్తున్నారు. ఎత్తుకు తగ్గ బరువు జెడ్ స్కోర్ల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయన్న లెక్క) 0.8 నుంచి 1.2 మధ్య ఉండాలి. అది దాటితే కొలతల్లో లోపం ఉందని అనుమానించి, మర్నాడు ఉదయం ఆ టీమ్‌తో పాటు సూపర్‌వైజర్ వెళ్లాలి.

11. అంకెలకు అర్థం చెప్పడం

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఇచ్చిన హద్దుల ప్రకారం బక్కచిక్కిన పిల్లలు 5% నుంచి 10% లోపు ఉంటే మధ్యస్థం, 10% నుంచి 15% లోపు ఎక్కువ, 15%, అంతకు మించితే చాలా ఎక్కువ. గిడసబారడానికి 30%, అంతకు మించితే చాలా ఎక్కువ. ఆహార భద్రత ఎంత దెబ్బతిన్నదో దశలుగా చెప్పే ఐపీసీ వర్గీకరణ 2004లో సొమాలియాలో పుట్టింది. అందులో అయిదు దశలున్నాయి: కనిష్ఠం, ఒత్తిడి, సంక్షోభం, అత్యవసర స్థితి, దుర్భిక్షం. కనీసం 20% జనం ఏ దశలో, లేదా అంతకంటే ఘోరమైన దశలో ఉన్నారో ఆ ప్రాంతాన్ని ఆ దశగా లెక్కిస్తారు. దుర్భిక్షం అనాలంటే 20% ఇళ్లకు తిండి దాదాపు లేకపోవాలి, 30% పిల్లలు బక్కచిక్కి ఉండాలి, రోజుకు 10,000 మందికి 2 మరణాలు దాటాలి. అంతదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మూడో దశే కదలాల్సిన సమయం.

అంకెలన్నీ ఒకే వైపు చూపవు. తిండి స్కోరు బాగుండి పిల్లలు చిక్కితే జబ్బులు, నీళ్లు, పెంపకం వైపు చూడండి. పిల్లలు బాగుండి ఇళ్లు అప్పుల్లో, అమ్మకాల్లో ఉంటే వచ్చే రెండు మూడు నెలలకు ఇప్పుడే సిద్ధం కావాలి. రెండూ చెడితే రిపోర్టు మొదటి పేజీలోనే ఆ మాట రాయండి. 15% అని మాత్రమే కాకుండా "11 నుంచి 19 మధ్య" అని అవధి కూడా ఇవ్వండి. ఆ శాతాన్ని పిల్లల సంఖ్యగా మార్చి చెప్పండి. జిల్లాలో 40,000 మంది ఆ వయసు పిల్లలుంటే 15% అంటే 6,000 మంది.

తొలి ఫలితాలు సర్వే ముగిసిన వారంలో అధికారుల చేతికి వెళ్లాలి. అందంగా అచ్చేసిన పుస్తకం తర్వాత వచ్చినా ఫర్వాలేదు. తర్వాత కొన్ని ఊళ్లను ఎంచుకుని నెలకోసారి జబ్బ కొలత, ధరలు, నీళ్ల దూరం చూస్తూ ఉండండి. సర్వేలో రాసిచ్చిన రిఫరల్ స్లిప్పుల జాబితా పట్టుకుని, రెండు వారాలకు కేంద్రాలకు వెళ్లి ఎంతమంది పిల్లలు నిజంగా చేరారో లెక్కపెట్టండి. చేరని బిడ్డల ఇళ్లకు మళ్లీ వెళ్లండి. చాలాసార్లు కారణం బస్సు ఛార్జీ, లేదా ఇంట్లో మిగతా పిల్లలను చూసుకునే మనిషి లేకపోవడం. ఆ కారణాన్ని కూడా అదే రిపోర్టులో కలిపి పంపండి.